స్కోరు 86 నుంచి 49కి తగ్గింది. మరి నా బతుకు ఎందుకు మారలేదు?

కడియం_పూలు
వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. నలుగురి ముందు చేతులు వణుకుతాయని పదిహేనేళ్ళుగా భయం. పద్నాలుగేళ్ళప్పుడు మా పెద్దనాన్న గారింట్లో పెళ్ళికి పానకం గ్లాసులు అందిస్తుంటే ఒక బంధువు "ఏరా, ముసలాడిలా ఆ వణుకేంట్రా" అన్నాడు. అరుగు మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఆ తర్వాత నేను ఎవరి ఎదుటా టీ కప్పు పట్టుకోలేదు. బ్యాంకులో సంతకం పెట్టాలంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి మండపం ఎక్కి ఎన్నేళ్ళయిందో.

గత ఏడాది ధైర్యం చేసి ఒక సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాను. సీబీటీ (ఆలోచనలనీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) 16 సెషన్లు, ఒక్కోదానికి 1,500 రూపాయలు. మొదటి రోజు లీబోవిట్జ్ స్కేల్ అని ఒక కాగితం ఇచ్చారు. అందులో 24 సందర్భాలుంటాయి. ఒక్కోదానికీ భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని 0 నుంచి 3 దాకా వెయ్యాలి. మొత్తం 144కి నాకు 86 వచ్చింది. చివరి సెషన్‌లో 49. మేడమ్ సంతోషపడ్డారు, నేనూ సంతోషపడ్డాను.

అదయ్యి నాలుగు నెలలైంది. ఇవాళ్టికీ ఆఫీసులో ఒక్కడినే తింటున్నాను. ఆదివారం నాకు ఫోన్ చేసేది అమ్మ ఒక్కతే. ఇంకో నెలన్నరలో రాజమండ్రిలో మా పిన్ని కూతురి పెళ్ళి. వెళ్ళకుండా ఉండటానికి ఏం చెప్పాలా అని ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను. 24,000 పెట్టి కాగితం మీద నంబరు తగ్గించుకున్నానా? స్కోరు తగ్గడం అంటే బాగుపడటం కాదా?

గట్టుమీద_చెట్టు
37 తగ్గడం చిన్న విషయం కాదండీ. నేను 91తో మొదలుపెట్టి రెండేళ్ళకి 60కి వచ్చాను. అయినా మీరు అడిగింది నాకు బాగా అర్థమైంది. నాకూ అంతే.

ఓరుగల్లు_అన్న
కోపం తెచ్చుకోకు తమ్ముడూ, నాకు తోచింది చెప్తా. దీన్ని జబ్బు అనడమే నాకు నచ్చదు. బిడియం. ఉన్నవాళ్ళకి ఉంటది. మా నాన్న బడిపంతులు. ముప్పై ఏళ్ళ సర్వీసులో స్టాఫ్ మీటింగ్‌లో నోరు తెరిచినోడు కాదు. ఏ థెరపీ లేదు, హాయిగా బతికాడు. నీ స్వభావం అది అనుకుంటే సగం బాధ పోతది.

సిక్కోలు_పిల్ల
@ఓరుగల్లు_అన్న హాయిగా బతికానని ఆయన చెప్పారా, మీరు అనుకున్నారా?

బెజవాడ_మాస్టారు
బిడియానికీ దీనికీ తేడా ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను కాబట్టి ఏటా చూస్తాను. బిడియం ఉన్న పిల్లాడు వైవాలో మొదటి రెండు నిమిషాలు తడబడతాడు, తర్వాత సర్దుకుంటాడు. రెండో రకం పిల్లాడు వైవాకే రాడు. రికార్డు మొత్తం రాస్తాడు, ప్రోగ్రామ్ పక్కవాడి కంటే బాగా చేస్తాడు, వైవా రోజు జ్వరం అంటాడు. ఒక అబ్బాయి అలా రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నాడు. వాడికి చదువు రాక కాదు.

అనంత_23
ఆ రెండో రకం నేనే సార్. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీటెక్ మొదటి సెమిస్టర్‌లో ఒక పదం తప్పు పలికితే వెనక బెంచీలు నవ్వాయి. మిగతా మూడున్నరేళ్ళు క్లాసులో నోరు విప్పలేదు. ఇంగ్లీషు రాకపోవడం వల్ల అనుకున్నాను. ఇప్పుడు ఇంగ్లీషు వచ్చు, భయం మాత్రం పోలేదు.

మనోవీధి
నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. కడియం గారి కేసు చూడలేదు కాబట్టి ఆయన గురించి తీర్పు ఇవ్వను. కానీ ఆయన వేసిన ప్రశ్న మా రంగంలో చాలామందిని ఇబ్బంది పెట్టిన ప్రశ్నే.

ముందు ఓరుగల్లు గారి మాట. నలుగురి మధ్య కలిగే ఈ భయం అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసే మనోవ్యాధుల పుస్తకంలోకి సోషల్ ఫోబియా అన్న పేరుతో 1980లో చేరింది. అంటే పుస్తకాల్లో కూడా కొత్తదే. సిగ్గుపడే ప్రతివాళ్ళకీ ఆ పేరు పెట్టరు. భయం ఆరు నెలలకి పైగా ఉండాలి. చదువుకో ఉద్యోగానికో మనుషులతో కలవడానికో అడ్డం పడాలి. అడ్డం పడుతోందా లేదా అన్నదే అసలు గీత.

ఇక స్కోరు. లీబోవిట్జ్ స్కేల్ 1987 నాటిది. అది రెండే విషయాలు అడుగుతుంది: ఎంత భయం, ఎంత తప్పించుకుంటున్నారు. మీకు స్నేహితులున్నారా, ఆదివారం ఎలా గడుస్తోంది, ఈ ఉద్యోగం మీరు కోరుకున్నదేనా అని అడగదు. వాటికి వేరే కొలతలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 26 ప్రశ్నల కాగితం ఒకటుంది. ఒళ్ళు, మనసు, మనుషులతో సంబంధాలు, చుట్టూ ఉన్న పరిస్థితులు అని నాలుగు భాగాలు. గత రెండు వారాలు ఎలా గడిచాయో చెప్పమంటుంది. జీవన నాణ్యతకి ఆ సంస్థ చెప్పిన అర్థం నాకు చాలా ఇష్టం: తాను పెరిగిన సంస్కృతిలో, తన విలువల మధ్య, తన ఆశలనీ తన లెక్కలనీ బట్టి తన బతుకు ఎక్కడుందని ఆ మనిషి అనుకుంటున్నాడో అది. పక్కింటివాళ్ళు అనుకునేది అందులో లేదు.

అమెరికాలో సైకాలజిస్ట్ రిచర్డ్ హైంబర్గ్ బృందం గ్రూపు సీబీటీ చేసుకున్నవాళ్ళ మీద 1990ల్లోనే దీన్ని చూసింది. థెరపీ తర్వాత జీవితం మీద తృప్తి పెరిగింది. కానీ మామూలు జనంతో పోలిస్తే ఇంకా తక్కువగానే ఉంది. నాకు ఇందులో వింతేమీ కనిపించదు. పదిహేనేళ్ళ పాటు భయం వల్ల కుదరని స్నేహాలు, అడగని ప్రమోషన్లు, వెళ్ళని పెళ్ళిళ్ళు, ఇవన్నీ భయం తగ్గిన మర్నాడు తలుపు తట్టవు. ఒక్కొక్కటిగా కట్టుకోవాలి. ఆ పని థెరపీలో భాగంగా చెయ్యకుండా స్కోరు చూసి ఆపేస్తే మీరు చెప్పిన పరిస్థితే వస్తుంది.

కడియం_పూలు
@మనోవీధి "స్కోరు చూసి ఆపేస్తే" అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను. సరిగ్గా అదే జరిగింది. పదహారో సెషన్‌లో "ఇక మీరు చూసుకోగలరు" అన్నారు. నేను కూడా అడగలేదు, డబ్బులు అయిపోతున్నాయని.

సిక్కోలు_పిల్ల
అడగలేకపోవడం కూడా ఈ భయంలో భాగమే కదా. డాక్టర్‌కి "నాకు ఇంకా తగ్గలేదు" అని చెప్పాలంటే మనకి ఎంత కష్టం! ఆవిడ ఏమనుకుంటుందో అని.

గట్టుమీద_చెట్టు
@సిక్కోలు_పిల్ల నిజం. నేను రెండు సెషన్లు "బాగుంది మేడమ్, బాగుంది మేడమ్" అని చెప్పి ఇంటికొచ్చి ఏడ్చాను.

లీడ్స్_నుంచి
నేను ఇక్కడ ప్రభుత్వ ఆరోగ్య సేవ ద్వారా చేయించుకున్నాను. యూకేలో నైస్ అనే సంస్థ 2013లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దవాళ్ళకి మొదట చెయ్యాల్సింది ఒక్కొక్కరికీ విడిగా చేసే సీబీటీ అని అందులో ఉంది. నాకు చేసింది డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే సైకాలజిస్టులు 1995లో చెప్పిన నమూనా ప్రకారం. 90 నిమిషాల చొప్పున 14 సెషన్ల దాకా, సుమారు నాలుగు నెలలు. గంటన్నర ఎందుకంటే చాలా పని గది బయట జరుగుతుంది.

రెండో వారంలోనే ఒక పని చేయించారు. ముక్కూ మొహం తెలియని ఒకావిడని కూర్చోబెట్టి ఆమెతో రెండుసార్లు మాట్లాడమన్నారు. మొదటిసారి నేను మామూలుగా చేసేవన్నీ చెయ్యాలి: గొంతు ఎలా ఉంది, మొహం ఎర్రబడిందా అని లోపల గమనించుకుంటూ, మాటని ముందే మనసులో రాసుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని. రెండోసారి అవన్నీ మానేసి ఆమె ఏం చెప్తోందో వినాలి, అంతే. జాగ్రత్తలన్నీ తీసుకున్న మొదటిసారే నాకు ఎక్కువ భయం వేసింది. ఆమెని అడిగితే మొదటిసారి నేను దూరంగా, ఇష్టం లేనట్టు ఉన్నానంది. ఇరవై ఏళ్ళుగా నన్ను కాపాడుతున్నాయనుకున్నవే నన్ను మనుషులకి దూరం చేశాయని ఆ అరగంటలో తెలిసింది.

తర్వాత ఆ వీడియో చూపించారు. చూసేముందు "నువ్వు ఎంత వణికావనుకుంటున్నావు, నూటికి ఎంత?" అని రాయమన్నారు. 80 రాశాను. ఎవరో పరాయి మనిషిని చూస్తున్నట్టు చూడమన్నారు. చూశాక 15 వేశాను.

కడియం గారూ, మీరు 49కి వచ్చింది ఏ దారిన? మీ జాగ్రత్తలు మానేశారా, జాగ్రత్తలతోనే వెళ్తున్నారా?

కడియం_పూలు
@లీడ్స్_నుంచి మీ ప్రశ్న చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నిజం చెప్తాను. టీ తాగుతాను, కానీ సగం కప్పే పోయించుకుంటాను, రెండు చేతులతో పట్టుకుంటాను. క్యాంటీన్‌కి వెళ్తాను, కానీ రెండున్నరకి, అందరూ లేచాక. ఫంక్షన్‌కి వెళ్తే చేతిలో బ్యాగు ఉంచుకుంటాను, ఎవరూ చెయ్యి కలపమని అడగకుండా. సంతకం ఇంటి దగ్గరే చేసి తీసుకెళ్తాను. ఇవేవీ మేడమ్‌కి చెప్పలేదు. "వెళ్ళావా?" అంటే "వెళ్ళాను" అన్నాను. తప్పించుకోవడం దగ్గర 3 బదులు 1 వేశాను.

మనోవీధి
@కడియం_పూలు ఇది బయటికి చెప్పడమే పెద్ద పని. తప్పు మీది అనుకోకండి. "ఎలా వెళ్ళావు?" అని అడగాల్సింది మేము. వీటిని మేము సేఫ్టీ బిహేవియర్స్ అంటాం. మీ మనసు లెక్క ఇలా ఉంటుంది: "రెండు చేతులతో పట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను, లేకపోతే నవ్వేవాళ్ళు." కాబట్టి వందసార్లు టీ తాగినా ఆ నమ్మకం చెక్కుచెదరదు. పైగా కప్పు గట్టిగా పట్టుకుంటే కండరం బిగిసి వణుకు పెరుగుతుంది కూడా.

బెజవాడ_మాస్టారు
నాకొక అభ్యంతరం ఉంది. ఈ పద్ధతులన్నీ పడమటి దేశాల్లో పుట్టినవి. "ఎవరేమనుకుంటే ఏం" అని నేర్పడం అక్కడ కుదురుతుందేమో. మన దగ్గర నలుగురి మాటకి నిజంగానే విలువుంది. సంబంధం చూడటానికి వస్తే అబ్బాయి ఎలా మాట్లాడాడు, కాఫీ ఎలా తాగాడు అని ఊరంతా చెప్పుకుంటారు. కడియం గారి భయం గాల్లోంచి పుట్టలేదు, అరుగు మీద నిజంగానే నవ్వారు.

సిక్కోలు_పిల్ల
మాస్టారు చెప్పినదాంట్లో ఆడపిల్లల వైపు నుంచి ఇంకోటి ఉంది. నేను చిన్నప్పుడు చుట్టాలొస్తే వంటింట్లో దాక్కునేదాన్ని. గుండె దడ, చెమటలు. అందరూ ఏమనేవారో తెలుసా? "ఎంత అణకువగల పిల్లో!" ఇరవై నాలుగేళ్ళు నా జబ్బుని మెచ్చుకున్నారు. పెళ్ళయ్యాక అత్తగారింట్లో అదే దాక్కోవడం "పొగరు" అయింది. మగపిల్లాడు నోరు విప్పకపోతే ఎవరో ఒకరు కంగారుపడతారు. మాకు అదీ లేదు.

ఫ్రిస్కో_పద్మ
@సిక్కోలు_పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయమ్మా. మా అమ్మాయికి పదమూడు. ఇండియా నుంచి చుట్టాలు వీడియో కాల్ చేస్తే బాత్రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. "మన పద్ధతులు మర్చిపోలేదు, ఎంత ఒద్దికో" అని మా అత్తగారు మురిసిపోతారు. స్కూల్లో కూడా లంచ్ ఒక్కతే తింటోందని టీచర్ మెయిల్ పెట్టింది. ఈ వయసులో మొదలవుతుందా ఇది?

మనోవీధి
@ఫ్రిస్కో_పద్మ సరిగ్గా ఈ వయసులోనే ఎక్కువగా మొదలవుతుంది. చాలామంది దాన్ని పట్టించుకోకుండా పదేళ్ళకి పైగా గడిపేస్తారు. మీ పాప గురించి మీరు ఇప్పుడే అడుగుతున్నారు, అది చాలా మంచిది. స్కూలు కౌన్సిలర్‌తో మాట్లాడండి, పిల్లలకి సీబీటీ చేసేవాళ్ళని అడగండి. ఒక్క సంగతి: కాల్ వచ్చినప్పుడు బలవంతంగా లాక్కొచ్చి కూర్చోబెట్టకండి, అలాగని "దానికి తలనొప్పి" అని మీరు సాకులు చెప్పకండి. చిన్న మెట్టు పెట్టండి. ఒక్క చెయ్యి ఊపడం, అంతే.

@బెజవాడ_మాస్టారు మంచి అభ్యంతరం. కానీ ఈ థెరపీ "ఎవరేమనుకుంటే ఏం" అని నేర్పదు. "నలుగురూ నిజంగా ఏమనుకుంటున్నారో వెళ్ళి చూద్దాం" అంటుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకి ఇబ్బందిగా అనిపించే టీషర్టు తొడిగి, అప్పటికే జనం ఉన్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్ళు అనుకున్నారు. అడిగితే గమనించింది పావువంతే. 2000లో అచ్చయిన ప్రయోగం ఇది. మన ఊళ్ళలో ఆ పావు అరా కావచ్చు, ఎక్కువా కావచ్చు. కానీ కడియం గారి మనసులో అది నూటికి నూరు.

బెజవాడ_మాస్టారు
ఒప్పుకుంటాను. అయితే ఆ నవ్వినవాడి సంగతి ఏం చేస్తారు? ఆ అరుగు ఇంకా ఆయన తలలో ఉంది.

మనోవీధి
దానికీ పద్ధతి ఉంది. ఆ పాత దృశ్యాన్ని మళ్ళీ కళ్ళముందుకి తెచ్చుకుని, ఇప్పటి 29 ఏళ్ళ మనిషిగా ఆ అరుగు దగ్గరికి వెళ్ళి ఆ పద్నాలుగేళ్ళ పిల్లాడితో ఏం చెప్తారో ఊహలో చెయ్యడం. ఇమేజరీ రీస్క్రిప్టింగ్ అంటారు. క్లార్క్ బృందం దీన్ని థెరపీలో కలిపింది. ఒంటరిగా చెయ్యకండి, తెలిసినవాళ్ళతో చేయించుకోండి.

రాత్రిరైలు
మందుల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నాకు సీబీటీ దొరకలేదు. మా ఊళ్ళో చేసేవాళ్ళు లేరు. సైకియాట్రిస్ట్ రాస్తే ఎస్కిటలోప్రామ్ పద్నాలుగు నెలలు వాడాను. నాలుగో వారం నుంచి గుండె దడ తగ్గింది. ఉద్యోగంలో చేరగలిగాను. అందుకని "మందులొద్దు, థెరపీయే గొప్ప" అంటే నేను ఒప్పుకోను.

లీడ్స్_నుంచి
ఎవరూ అలా అనలేదు అన్నా. నైస్ కూడా సీబీటీ వద్దనుకున్నవాళ్ళకి ఎస్కిటలోప్రామ్, సెర్ట్రలీన్ లాంటివి ఇవ్వొచ్చనే చెప్పింది.

రాత్రిరైలు
సరే. ఇంకోటి కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మందుకి ముందు నేను వాడిన మందు వేరే. ప్రతి పార్టీకి ముందు రెండు పెగ్గులు. మూడేళ్ళు. మాట బాగానే వచ్చేది, మనుషులు కూడా నచ్చారు. కానీ వాళ్ళకి నచ్చింది నేనా, ఆ రెండు పెగ్గులా అని నాకే తెలియలేదు. రెండు నాలుగయ్యాయి. మా ఆవిడ చెప్పబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

సిక్కోలు_పిల్ల
అది కూడా రెండు చేతులతో కప్పు పట్టుకోవడం లాంటిదే కదా.

రాత్రిరైలు
@సిక్కోలు_పిల్ల ... అవునమ్మా. ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరూ చెప్పలేదు.

అనంత_23
ఇంటర్వ్యూ ముందు ప్రొప్రనలాల్ అనే మాత్ర వేసుకుంటే వణుకు ఉండదని ఫ్రెండ్ చెప్పాడు. మెడికల్ షాపులో అడిగితే ఇస్తారా?

మనోవీధి
@అనంత_23 వద్దు తమ్ముడూ, డాక్టర్ని అడగకుండా వెయ్యకు. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. స్టేజీ లాంటి ఒక్క సందర్భానికి డాక్టర్లు రాస్తారు, నిజమే. రోజూ మనుషుల మధ్య ఉండే భయానికి అది మందు కాదు. రాత్రిరైలు గారిలా మందులు వాడేవాళ్ళెవరూ ఈ చర్చ చదివి సొంతంగా ఆపెయ్యకండి కూడా. 2003లో క్లార్క్ బృందం 60 మందితో చేసిన అధ్యయనంలో ఫ్లూక్సెటిన్ అనే మందు కంటే కాగ్నిటివ్ థెరపీ (సీబీటీలో ఒక రకం) బాగా పనిచేసింది. కానీ థెరపిస్టే లేని ఊళ్ళో ఆ ఫలితం ఎవరికి ఉపయోగం?

గట్టుమీద_చెట్టు
డబ్బు, దూరం సమస్య ఉన్నవాళ్ళ కోసం: టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మొత్తం థెరపీ ఫోన్‌లో అయిపోదు గానీ ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రైవేటుగా వెళ్తే ఆ క్లినికల్ సైకాలజిస్ట్‌కి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందేమో అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

నాకు ఫోన్‌లో మాట్లాడటమే భయం కాబట్టి 14416కి మొదటిసారి మా తమ్ముడు డయల్ చేసి ఫోన్ నా చేతిలో పెట్టి పారిపోయాడు. మంచి పని చేశాడు వెధవ.

ఫ్రిస్కో_పద్మ
మీ తమ్ముడికి నా తరఫున ఒక పూతరేకు!

ఓరుగల్లు_అన్న
నాలుగు రోజులు ఇటు రాలేదు. సిక్కోలు అమ్మాయి అడిగిన మాట తలలో తిరుగుతనే ఉంది. నిన్న ఆదివారం ఇంటికి పోయిన. నాన్నకి ఇప్పుడు 71. అన్నం తిన్నంక పక్కన కూర్చుని అడిగిన, "నాన్నా, స్కూల్లో మీటింగుల్లో నువ్వెందుకు మాట్లాడకపోయేది?" అని. చానాసేపు ఏమనలేదు. తర్వాత చెప్పిండు. హెడ్‌మాస్టర్ ప్రమోషన్ రెండుసార్లు వస్తే రెండుసార్లూ రాసిచ్చి వదులుకున్నడంట. రోజూ ప్రార్థనలో పిల్లల ముందు నిలబడి మాట్లాడాలి కదా, అందుకని. అమ్మకి కూడా చెప్పలేదు. "ఊరు మారాలంటే మీ చదువులు పాడైతయని ఒద్దనుకున్న" అని మాకు చెప్పిండు అప్పట్లో.

హాయిగా బతికిండని నేను రాసింది తప్పు. ఆయన నన్ను అడిగిండు, "అది జబ్బా బిడ్డా? నాకొక్కడికే అనుకున్న" అని.

సిక్కోలు_పిల్ల
అన్నా...

బెజవాడ_మాస్టారు
@ఓరుగల్లు_అన్న మీరు వెళ్ళి అడగడం, వచ్చి ఇక్కడ రాయడం, రెండూ పెద్ద మనసుతో చేశారు. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

కడియం_పూలు
@ఓరుగల్లు_అన్న మీ నాన్నగారి మాట చదివి పెళ్ళికి టికెట్ బుక్ చేశాను. గోదావరి ఎక్స్‌ప్రెస్, స్లీపర్.

ఇంకో సంగతి. మేడమ్‌కి మెసేజ్ పెట్టి ఆ బ్యాగు, సగం కప్పు, రెండున్నర భోజనం అన్నీ రాశాను. మరో నాలుగు సెషన్లు చేద్దామన్నారు. ఈసారి ఆ 26 ప్రశ్నలది కూడా ఇచ్చారు. మనుషులతో సంబంధాల భాగంలో మూడే ప్రశ్నలున్నాయి. స్నేహితుల నుంచి మీకు దొరికే ఆసరా మీకు తృప్తిగా ఉందా అన్నదానికి 1 వేశాను. ఇందాకటి 49 కంటే ఆ ఒక్క 1 నన్ను ఎక్కువ బాధపెట్టింది. కానీ ఇదే నేను అడిగిన ప్రశ్న అనిపించింది.

లీడ్స్_నుంచి
మా థెరపిస్ట్ చివర్లో అడిగిన మాట: "భయం లేకపోతే నీ శనివారాలు ఎలా ఉండాలి?" నాకు సమాధానం రాలేదు. భయం లేని శనివారం ఊహించి ఎరగను. తర్వాత తెలుగువాళ్ళ షటిల్ గుంపులో చేరాను. మొదటి నెల ఆట ఘోరం. వెళ్తూనే ఉన్నాను. ఆ గుంపులో ఒకతను కిందటేడాది నాకు ఆపరేషన్ అయితే రెండు రాత్రులు హాస్పిటల్‌లో కూర్చున్నాడు.

అనంత_23
ఒక డౌట్. కొందరికి ఒంటరిగా ఉండటమే ఇష్టం కదా? అందరికీ షటిల్ గుంపులు ఎందుకు?

మనోవీధి
@అనంత_23 అందరికీ అక్కర్లేదు. నేను ఒకటి అడుగుతాను: "ఇవాళ రాత్రి పడుకుని లేచేసరికి ఆ భయం మాయమైతే, రేపు ఆ పిలుపుకి వెళ్తావా?" వెళ్ళను, ఇంట్లో పుస్తకం చదువుకుంటాను అంటే అది ఇష్టం, దాన్ని ముట్టుకోను. పరిగెత్తుకుని వెళ్తాను అంటే అది భయం. నీ సమాధానం ఇక్కడ రాయక్కర్లేదు.

అనంత_23
పరిగెత్తుకుని వెళ్తాను.

ఫ్రిస్కో_పద్మ
మా పాప నిన్న కాల్‌లో మూడు సెకన్లు చెయ్యి ఊపింది. మా అత్తగారికి ముందే చెప్పాను, ఏమీ వ్యాఖ్యానించొద్దని. ఆవిడా ఊరికే చెయ్యి ఊపారు. 

సిక్కోలు_పిల్ల
కడియం గారు కనిపించి నెల దాటింది. పెళ్ళి అయిపోయి ఉండాలే?

కడియం_పూలు
అయింది. అందరికీ రాయాలని కూర్చున్నాను.

మేడమ్‌తో ముందే అనుకుని వెళ్ళాను. బ్యాగు హాస్టల్లో వదిలేశాను. మండపం ఎక్కేటప్పుడు చేతులు జేబులో పెట్టుకోకూడదు. లోపలికి చూసుకోవడం మొదలైతే బయట ఉన్నవి ఏవో మూడు చూడాలి. వీడియో లైటు మొహం మీద పడగానే గుండె అదిరిపోయింది. బయటికి చూశాను. మా చెల్లెలి బాసికం కొంచెం పక్కకి జరిగి ఉంది. పురోహితుడి కళ్ళజోడుకి ఒక కాడ దారంతో కట్టి ఉంది. కొబ్బరిబొండం మీద పేర్లు రాసి ఉన్నాయి. అక్షింతలు వేశాను. చెయ్యి వణికింది. వణకలేదని చెప్పను. సగం గింజలు పెళ్ళికొడుకు ఒళ్ళో పడ్డాయి. ఎవరివైనా అక్కడే పడతాయని కిందకి దిగి పది నిమిషాలు మిగతావాళ్ళని చూశాక తెలిసింది.

భోజనాల దగ్గర మా బాబాయ్ వడ్డనకి మనుషులు చాలట్లేదని పెరుగు బకెట్ నా చేతికిచ్చాడు. ఇది ప్లాన్‌లో లేదు. వద్దనడానికి నోరు తెరిచేలోపు బంతి లేచిపోతుంది. ఒక్క చేత్తో గరిటె పట్టుకుని నాలుగు వరసలు వడ్డించాను. మూడో వరసలో ఒకాయన విస్తరి బయట పెరుగు పడింది. "కొంచెం ఇటు బాబూ" అని అన్నం ఆ పక్కకి లాక్కున్నాడు, పక్కనున్నాయనతో పొలం కౌలు గురించి చెప్తున్నది ఆపకుండానే.

ఆ పానకం రోజు నవ్విన బంధువు కూడా వచ్చాడు. ఆయనకి నేను గుర్తున్నాను గానీ ఆ మాట గుర్తులేదు. నేను అడిగాను కాబట్టే తెలిసింది. ఆయన బాధపడ్డాడో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, జరిగినదంతా తలలో తిరగేసుకునే పోస్ట్‌మార్టం రెండింటిదాకా నడిచింది. అది ఇంకా తగ్గలేదు, మేడమ్‌తో చెప్పాలి.

ఓరుగల్లు_అన్న
నాలుగు వరసలు! తమ్ముడూ, ఇది నాన్నకి చదివి వినిపిస్త.

గట్టుమీద_చెట్టు
ఆఫీసు భోజనం ఏమైంది?

కడియం_పూలు
@గట్టుమీద_చెట్టు వారానికి రెండుసార్లు ఒంటిగంటకి వెళ్తున్నాను. మిగతా మూడు రోజులు ఇంకా రెండున్నరకే.

పెళ్ళికొడుకు తమ్ముడు, వడ్డనలో నా పక్కన సాంబారు బకెట్ పట్టుకున్నవాడు, నా నంబరు తీసుకున్నాడు. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పదిహేను నిమిషాలు ఫోన్ వైపు చూస్తూ కూర్చుని నేనే చేశాను.

సిక్కోలు_పిల్ల
ఏం మాట్లాడుకున్నారు?

కడియం_పూలు
ముందు క్రికెట్. తర్వాత వాళ్ళ ఊళ్ళో మామిడికాయ ధర. వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాడట, ఎక్కడ తిందాం అని అడిగాడు. మంచి చోటు ఎవరైనా చెప్పండి, నేను ఎవరితోనూ వెళ్ళలేదు కాబట్టి నాకు తెలియదు.